నోరు విప్పని జెల్ల

చేపకి చెవులుంటాయా, ఉండవా? చెప్పండర్రా, చూద్దాం.

మేధ ఉండవంటోంది. జిష్ణు ఉంటాయంటున్నాడు గానీ, ఎక్కడరా అంటే తన చెవే పట్టుకుని చూపిస్తున్నాడు. ఇద్దరికీ చెరి సగం మార్కులు. పైకి కనిపించే చెవులుండవు, తల లోపల ఉంటాయి. అంతటితో అయిపోలేదు. జెల్ల, వాలుగ, బొచ్చె, పరిగె, ఇలాంటి చేపలకి ఇంకో ఏర్పాటు కూడా ఉంది. వాటి ఒంట్లో ఒక గాలి తిత్తి ఉంటుంది. నీళ్లలో ఎక్కడ చప్పుడైనా ఆ తిత్తి అదురుతుంది. ఆ అదురుని చెవి దాకా మోసుకెళ్లడానికి తల వెనకాల సన్నటి ఎముకలు కొన్ని, ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులా ఉంటాయి. చిన్న చేపల్లో ఒక్కోటీ బియ్యపు నూకంత కూడా ఉండదు. ఆ నూకలే లేకపోతే ఏట్లో సగం కబుర్లు వాటికి తెలియకుండానే పోతాయి.

ఇది అర్థమైతేనే కథ అర్థమవుతుంది. అర్థమైందా? సరే, కాళ్లు ముడుచుకుని కూర్చోండి.

ఒక ఏరు. ఆ ఏటి దారిలో ఒక మడుగు. ఎండాకాలం ఏరంతా ఎండిపోయి ఇసుక తేలినా మడుగులో మాత్రం నీళ్లు నిలిచేవి. అందుకని ఎండలు ముదిరే ముందే చేపలన్నీ ఆ మడుగు చేరుకుని, మళ్లీ వానలు పడేదాకా అక్కడ తలదాచుకునేవి.

మడుగుకి పెద్ద ఒక వాలుగ. మీసాలు పొడుగు, నోరు వెడల్పు, మాట తక్కువ. చిన్నా పెద్దా అందరూ తాతా అనే పిలిచేవారు. మడుగులోకి దారి ఒక్కటే, రెండు బండల మధ్య సన్నటి సందు. అక్కడ కాపలా ఒక పీత. లోపలికి వచ్చేవాళ్లని ఆపి, మీరెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు అని అడగడం దాని పని. పీత పక్కకి నడుస్తుంది కదా, అందుకని ఎవరికి ఎదురెళ్లినా పక్కకి తప్పుకుంటున్నట్టే ఉండేది. అయినా సందు అంత సన్నం కాబట్టి పని జరిగిపోయేది.

ఆ మడుగు గట్టు రాయిలో ఒక చేప ఉండేది. బతికున్నది కాదు, రాయైపోయింది. చేప ఎలా రాయవుతుందని అడగబోతున్నావు కదూ మేధా? చచ్చిన చేప బురదలో కూరుకుపోతుంది. ఆ బురద మీద ఇంకో పొర బురద, దాని మీద ఇంకో పొర. మనం లెక్కపెట్టలేనంత కాలం అలా పడుతూ ఉంటే, ఆ బరువుకి బురద రాయవుతుంది. లోపలి ఎముకలు కూడా రాయవుతాయి. ఎప్పుడో ఏరు ఆ రాయిని కోస్తే చేప అచ్చు బయటపడుతుంది.

అలా బయటపడ్డ చేపే అది. మడుగులో అందరూ దాన్ని ముత్తాత అనేవారు. తల, కంటి గుంట, మొప్పల గీతలు, తల వెనకాల నూకల్లాంటి ఎముకల గొలుసు, అన్నీ చెక్కినట్టు కనిపించేవి. నడుము నుంచి కిందంతా ఒండ్రు కప్పేసింది. తోక చూసినవాళ్లు లేరు. చూడాలని వెళ్లినవాళ్లూ లేరు. పెద్దవాళ్ల తోక వైపు నిలబడటం చేపల్లో అమర్యాద.

ముత్తాత ముఖం ఎగువ వైపు ఉండేది. ఏరు పుట్టిన కొండల వైపు. ఆయన తను పుట్టిన చోటు వైపు చూసుకుంటున్నాడని మడుగులో అందరికీ నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక ఆచారం పుట్టింది. ఎండాకాలం మడుగులోకి వచ్చిన ప్రతివాళ్లూ ముత్తాత ఎదుట నిలబడి ఈ మాటలు చెప్పాలి. "మేం పైనుంచి వచ్చాం. మంచినీళ్లలో పుట్టాం. ఏరే మాకు చెవులు కుట్టింది." ఆ నూకల గొలుసు మీద వాళ్లకి అంత గర్వం. ఏరు తల్లిలా ఒళ్లో కూర్చోబెట్టుకుని తమకి చెవులు కుట్టించిందని, ఉప్పునీళ్ల వాళ్లకి ఆ భాగ్యం లేదని చెప్పుకునేవారు.

ఆ మాటలు చెప్పినవాళ్లకి మడుగులో చోటు. కింది నుంచి, అంటే సముద్రం వైపు నుంచి వచ్చామన్నవాళ్లకి దారి అటే.

వాలుగ తాత దుర్మార్గుడు కాదు. తన చిన్నప్పుడు ఒక ఎండాకాలం, ఆచారం పక్కనపెట్టి వచ్చినవాళ్లందరినీ రానిచ్చారు. నీళ్లు చాల్లేదు. ఊపిరాడక ఎంతోమంది పోయారు, వాళ్లలో వాలుగ అన్నదమ్ములూ ఉన్నారు. అప్పటి నుంచి ఎవరు లోపల, ఎవరు బయట అని తేల్చే పని తన మీద వేసుకున్నాడు. తేల్చడానికి ఒక గీత కావాలి. చేతికి దొరికిన గీత ఆ రాయి.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మడుగులో ఉన్నన్నాళ్లూ ఈదేదాన్ని దేన్నీ తినకూడదు. పైనుంచి రాలే పురుగులూ, రాళ్లకి పట్టిన పాచీ, అడుగున దొరికే నలుసులూ, వాటితోనే సరిపెట్టుకోవాలి. వాలుగకి అది సరిపోతుందా అని జిష్ణు అడుగుతున్నాడు. సరిపోదు నాయనా. అందుకే ఎండాకాలమంతా ఆయన చిరాకుగా ఉండేవాడు.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. ఏరు సన్నబడింది. మడుగు చేపలతో నిండింది. సందు మూసేద్దామని పీత రాళ్లు దొర్లించుకుంటున్న వేళకి, ఒక జెల్ల వచ్చి నిలబడింది.

మడుగులో జెల్లలు లేక కాదు. కానీ ఈ జెల్ల వాటిలాంటిది కాదు. ఒళ్లు వెండిలా తెల్లగా ఉంది, వీపు మీద ముల్లు పెద్దది. మనిషి చిక్కిపోయి ఉన్నాడు, బుగ్గలు మాత్రం రెండూ పూరీల్లా పొంగి ఉన్నాయి. నేను మనిషి అన్నానని నవ్వకండి. కథలో చేపలు మనుషులే.

పీత అలవాటు ప్రకారం మీరెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు అని అడిగింది. జెల్ల మాట్లాడలేదు. వినపడలేదేమోనని ఇంకోసారి అడిగింది. మాట్లాడలేదు. పీతకి ఏం చెయ్యాలో తోచలేదు. పైనుంచి అంటే రానివ్వాలి, కింది నుంచి అంటే పంపెయ్యాలి. ఏమీ అనకపోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అందుకని పక్కకి జరిగి, తాతనే అడగమంది.

అతను నోరెందుకు విప్పలేదో నేను మీకు ముందే చెప్పేస్తాను. మడుగులో ఎవరికీ తెలియదు, మీరు బయటపెట్టకండి. అతని నోటి నిండా గుడ్లున్నాయి. ఈ సముద్రపు జెల్లల్లో తల్లి గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది. తండ్రి వాటిని నోట్లో పెట్టుకుని, పిల్లలై ఈదేదాకా మోస్తాడు. ఒక్కో గుడ్డూ గోలీ అంత. అన్నాళ్లూ తిండి ఉండదు, మాట ఉండదు. సముద్రంలో గుడ్ల కోసం తరిమేవాళ్లు ఎక్కువై, పెద్ద పోటు వచ్చిన రోజున అతను ఆ నీళ్లతో పాటు ఏట్లోకి ఎక్కి వచ్చేశాడు. వెనకాలే నీళ్లు తీశాయి. వచ్చిన దారిలో ఇసుక తేలింది.

నాన్నే మోస్తాడా అని మేధ ఆశ్చర్యపోతోంది. నాన్నే. మీ నాన్న నిన్ను బుజాన మోస్తూ వీధి చివరిదాకా వెళ్లి ఆయాసపడేవాడు కదా, అతను నోట్లో మోసుకుంటూ ఏరు ఎక్కాడు.

ఇప్పుడు అతని చిక్కు చూడండి. నోరు విప్పి సమాధానం చెబితే గుడ్లు జారిపోతాయి. ఈదేదాన్ని తినకూడదన్నారు గానీ గుడ్డు ఈదదు కదా. గుడ్ల మాట ఆ కట్టుబాటులో లేదు. పరిగెల మంద చుట్టూ తిరుగుతూనే ఉంది. నోరు విప్పకపోతే గెంటేస్తారు. బయట ఇసుక.

మడుగులో కబుర్లకి లోటు లేదు. పరిగెలంటే అరచేతిలో సగం ఉండే చేపలు, మందగా తిరుగుతాయి, మందగా మాట్లాడతాయి. బూరెబుగ్గలాయన వచ్చాడహో అని ఒకటి మొదలుపెట్టింది. ఏ పెళ్లివారింట్లోనో భోజనం చేస్తూ చేస్తూ మింగకుండానే లేచొచ్చాడని ఇంకోటి. చిన్న పరిగెలు బుగ్గలు పూరించుకుని అతని వెనకాలే బారుగా ఈదాయి. అతిథి కదా అని పెద్ద పరిగమ్మ ఒకావిడ ఒక మెత్తటి పురుగుని తెచ్చి ముందు పెట్టింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడకి కోపం వచ్చింది. మా ఇంటి తిండి ఆయన నోటికి ఆనదు కాబోలు అంటూ ఆ పురుగుని తనే తినేసి వెళ్లిపోయింది.

వాలుగ తాత అతన్ని ముత్తాత ఎదుట నిలబెట్టి అడిగాడు. "ఏవయ్యా, ఎక్కణ్ణుంచి వచ్చావు?"

జెల్ల ఆయన ముఖంలోకి చూశాడు. నోరు బిగించుకున్నాడు.

ఆచారంలో ఒక మెలిక ఉంది. అడిగిన మాటకి సమాధానం రాకుండా ఎవరినీ పంపకూడదు. ఎవరినీ తొందరపడి గెంటకూడదని పూర్వం ఎవరో మంచి మనసుతో పెట్టిన నియమం. దాంతో తాత మర్నాడు రమ్మన్నాడు. మర్నాడూ అదే ప్రశ్న, అదే మౌనం. ఆ మర్నాడూ అంతే. పొద్దున్నే ముత్తాత దగ్గర చేరడం, తాత అడగడం, జెల్ల నోరు బిగించుకోవడం, అందరూ చెదిరిపోవడం, అదే మడుగులో కాలక్షేపం అయిపోయింది. పీత అయితే నిద్రలో కూడా ఎక్కణ్ణుంచి వచ్చారు అని కలవరించేది.

ఒక మధ్యాహ్నం పెద్ద పరిగమ్మ అతని పక్కనుంచి పోతూ ఆగింది. కిర్రు, కిర్రు అని సన్నటి చప్పుడు. పక్క రెక్క ముల్లుని దాని కుదురులో తిప్పుతూ ఆ చప్పుడు చేస్తున్నాడు జెల్ల. మాటలు కావు. గుడ్లలోని పిల్లలకి వినిపించాలని, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అన్నట్టు, ఉయ్యాల కిర్రుమన్నట్టు చేస్తున్నాడు. ఆవిడకి అది జోలపాటని తెలియదు. అయినా ఎందుకో అక్కడే కాసేపు నిలబడిపోయింది. ఆ వేళ నుంచి బూరెబుగ్గలాయన అనడం మానేసి, పాపం ఆ అబ్బాయి అనడం మొదలుపెట్టింది.

ఆవిడ పీతని పిలిచి వినమంది. పీత ఎంతసేపు నిలబడ్డా ఏమీ వినపడలేదంది. మడుగులో వాలుగలకీ, జెల్లలకీ, బొచ్చెలకీ, పరిగెలకీ మాత్రం ఆ కిర్రు ఎక్కడున్నా వినిపిస్తూనే ఉంది. తనకి వచ్చిన అనుమానాన్ని ఆవిడ తాత దగ్గరికి మోసుకెళ్లింది. అతను చేసే సన్నటి చప్పుడు మనకి వినిపిస్తోంది. మనం గుసగుసగా అన్న మాటలకి అతని మీసాలు కదులుతున్నాయి. అంటే అతనికీ మన గొలుసు ఉన్నట్టే కదా అని ఆవిడ అడిగింది.

తాతకి అది నచ్చలేదు. ఏరు చెవులు కుట్టింది మన వాళ్లకి. ఇతని ఒంటి తెలుపు చూస్తే ఉప్పునీళ్ల వాడు. ఉప్పునీళ్ల వాడికి ఆ గొలుసు ఎక్కడిది? ఎక్కడో కొట్టేసి ఉంటాడన్నాడు. తల వెనకాల ఎముకని ఎవరైనా ఎలా కొట్టేస్తారని ఆవిడ అడగబోయింది. తాత అప్పటికే కళ్లు మూసుకున్నాడు.

ఎండలు ఇంకా ముదిరాయి. మడుగు రోజూ కాస్త కాస్త కుంచించుకుపోతోంది. గట్టు అంచున నిన్న నీళ్లున్న చోట ఇవాళ పగుళ్లు. తాతకి తన చిన్నప్పటి ఎండాకాలం గుర్తుకొచ్చింది. అన్నదమ్ములు గుర్తుకొచ్చారు. ఇక లాభం లేదనుకుని అందరినీ పిలిచి, మర్నాడు ఆఖరిసారి అడుగుతానని, అప్పుడూ నోరు విప్పకపోతే నియమం తప్పినా సరే ఇసుకలోకి గెంటించేస్తానని చెప్పాడు. పీత తన డెక్కల వైపు దిగులుగా చూసుకుంది. గెంటాల్సింది తనే.

మర్నాడు పొద్దున్నే మడుగు మడుగంతా ముత్తాత దగ్గరికి వచ్చేసింది. నీళ్లు తగ్గిపోయాయి కాబట్టి అందరికీ తల వైపు చోటు చాల్లేదు. తోసుకుంటూ తోసుకుంటూ చిన్నవాళ్లంతా, అమర్యాదే అయినా, తోక వైపుకి జరిగారు. అక్కడ ఇరుకు. ఊపిరాడక రెక్కలు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టారు. అన్ని రెక్కలు ఒక్కసారి కొట్టుకునేసరికి ఎప్పటి నుంచో పేరుకున్న ఒండ్రు కదిలి, నీళ్లు కాఫీలా అయిపోయాయి. ఎవరికి ఎవరూ కనపడలేదు. కాసేపు తాత కూడా జెల్ల అనుకుని గట్టుకేసి ప్రశ్న అడిగాడు.

నీళ్లు తేరుకున్నాక చూస్తే ముత్తాతకి తోక ఉంది.

తోక చుట్టూ గవ్వలున్నాయి. రాయిలో రాయిగా కలిసిపోయి, చారలు చారలుగా, మడుగులో ఎవరూ ఎప్పుడూ చూడని గవ్వలు. కొన్ని ముత్తాత తోకకి ఒత్తుకుని ఉన్నాయి. ఆయన పడుకున్న పక్క అదేనన్నట్టు.

అందరూ గుసగుసలాడుకుంటుంటే పీత పక్కపక్కగా వచ్చి వాటిని తడిమి చూసింది. ఇవి ఉప్పునీళ్ల గవ్వలని, తన అమ్మమ్మగారి వీధి నిండా ఇవే ఉండేవని ఎంతో మామూలుగా చెప్పింది.

తాత మెల్లగా పీత వైపు తిరిగాడు.

"అయితే నువ్వు కింది నుంచి వచ్చావా?"

"అవును తాతా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? అడిగే పని నాది కదా."

పరిగెలు నవ్వు ఆపుకోలేక బుడగలు వదిలాయి. తాత మాత్రం నవ్వలేదు. జీవితంలో మొదటిసారి ముత్తాత తల దగ్గర్నుంచి బయల్దేరి, నడుము దాటి, తోక దాకా ఈదాడు. తోక వెనకాల ఆగలేదు. ఇంకా ముందుకి వెళ్లాడు. ఒండ్రు పోయిన చోట, పైపొరలో ఇంకో తల కనిపించింది. ముత్తాతలాంటిది కాదు, కాస్త మొద్దుగా ఉంది. దాని పైపొరలో ఇంకోటి. అందరి ముఖాలూ ఎగువకే. అందరి తోకల దగ్గరా ఆ గవ్వలే. అందరి తల వెనకాలా ఆ నూకల గొలుసే.

ఇక్కడ కాస్త ఆగుదాం. మీరు బడి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు మీ ముఖం ఎటుంటుంది? బడి వైపా, ఇంటి వైపా? ఇంటి వైపే కదా జిష్ణూ. వచ్చిన చోటికి వీపు, వెళ్లే చోటికి ముఖం. ఇంత చిన్న సంగతి. మడుగులో అన్ని తరాలూ ముత్తాత ముఖం చూసి, ఆయన వచ్చిన చోటు అదేననుకున్నాయి.

వాలుగ తాత తెలివైనవాడు. ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. ముత్తాత చూస్తున్నది వచ్చిన చోటు వైపు కాదు, వెళ్తున్న చోటు వైపు. ఉప్పునీళ్ల నుంచి మంచినీళ్లలోకి. అదీ ఒక్కరు కాదు, ఒక్కసారి కాదు. ముందు ఒకరు, చాలాకాలానికి ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. ఏటిని చూడకముందే వాళ్లందరికీ చెవులున్నాయి.

పెద్ద పరిగమ్మ ఆ సంగతిని తన భాషలో తేల్చేసింది. మన పెద్దలు ఇంటిదగ్గరే చెవులు కుట్టించుకుని మరీ ఏటికి బయల్దేరారన్నమాట అంది.

అప్పుడు అసలు గొడవ మొదలైంది. కింది నుంచి వచ్చినవాళ్లకి మడుగులో చోటు లేదన్నది నియమం. అందరూ కింది నుంచి వచ్చినవాళ్లే. అయితే అందరూ పోవాలా? బొచ్చెలు మేం ఎప్పుడో వచ్చాం కాబట్టి లెక్కలోకి రామన్నాయి. ఎప్పుడో అంటే ఎప్పుడని జెల్లలు నిలదీశాయి. ముత్తాత మా పోలికే అని ఒకరు, రెండో ఆయన మీసాలు చూడండి, మా మేనమామే అని ఇంకొకరు. పీత నియమం ప్రకారం నడుచుకునే జీవి. అందరినీ సందు దగ్గర వరుసలో నిలబడమంది. ఒక్కొక్కరినీ మళ్లీ మొదటి నుంచి అడుగుతానంది.

వరుసలో ఎవరు ముందు నిలబడాలో తేలలేదు. ఎవరికి వాళ్లు వెనక్కి జరుగుతున్నారు. ఎందుకంటే ముందున్నవాడు ముందు బయటికి పోవాలి. నిలబడ్డ చోటు నుంచి కదలనివాడు ఆ తెల్ల జెల్ల ఒక్కడే. అతను పీత చెప్పగానే వచ్చి సందు దగ్గరే, బుగ్గలు పూరించుకుని, రెక్క ముల్లు తిప్పుకుంటూ ఉన్నాడు. అలా వరుసలో అతనే మొదటివాడయ్యాడు.

వాలుగ తాత నెమ్మదిగా వచ్చాడు. అందరూ దారిచ్చారు. ఆయన ఎప్పుడూ నిలబడే చోటు ముత్తాత తల పక్కన. అక్కడికి వెళ్లలేదు. జెల్ల వెనకాల, తోక వైపున నిలబడ్డాడు. చేపల్లో అది అమర్యాదని చెప్పాను కదా. దానికి ఇంకో అర్థం కూడా ఉందని ఆ రోజు మడుగుకి తెలిసింది. వరుసలో రెండోవాడు నిలబడే చోటు కూడా అదే.

"నాయనా, ఈ ఎండాకాలం నేనిక్కడ తలదాచుకోవచ్చా?" అని అడిగాడు తాత.

పీత డెక్కలు దించేసింది. ఏమంటాడో విందామని మడుగులోని గొలుసులన్నీ బిగుసుకున్నాయి.

జెల్ల కిర్రు ఆపేశాడు. తాత వైపు తిరిగి, మడుగులోకి వచ్చాక మొదటిసారి నోరు తెరిచాడు.

మాట రాలేదు. ఒక పిల్ల వచ్చింది. చిటికెన వేలి గోరంత తల, పొట్ట కింద ఇంకా గుడ్డు సొన సంచి. దాని వెనకాల ఇంకోటి. తర్వాత గుంపుగా, తోసుకుంటూ, బడి విడిచిపెట్టినట్టు. అతని బుగ్గలు మెల్లగా లోపలికి పోయాయి. బుగ్గలు పోయాక చూస్తే కుర్రవాడే. ముఖంలో అలసట తప్ప ఏమీ లేదు. పరిగెల మంద అలవాటు కొద్దీ నోళ్లు తెరిచింది గానీ, పెద్ద పరిగమ్మ వాళ్లకి అడ్డం వచ్చి, ఈదుతున్నాయి, కనబడటం లేదా అంది. నోళ్లు మూతపడ్డాయి.

వాటిలో అన్నిటికంటే చిన్నది వంకరటింకరగా ఈదుకుంటూ వాలుగ తాత మీసం దాకా వచ్చింది. ఆయన కన్నే దానికంటే పెద్దగా ఉంది. అది ఆ కంట్లోకి చూసి, ఎంతో మర్యాదగా, "ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని అడిగింది.

దానికి వేరే మాట తెలియదు పాపం. గుడ్డులో ఉన్నప్పటి నుంచి, నాన్న బుగ్గ గోడ అవతలి నుంచి, ప్రతి పొద్దునా వినిపించిన మాట అదొక్కటే. కొత్తవాళ్లు కనిపిస్తే పలకరింపుగా అలా అంటారు కాబోలనుకుంది.

వాలుగ తాత మీసాలు వణికాయి. నవ్వో ఏడుపో చేప ముఖంలో తెలియదు. ఆయన పొట్ట ఇసుకకి ఆనించి, తల బాగా కిందికి దించి, దాని ఎత్తుకి వచ్చాడు.

"నీ వెనకాలే వచ్చాను, నాయనా," అన్నాడు.

కథ అంతే.

అదెలా కుదురుతుందని మేధ అప్పుడే వేలెత్తింది. వాలుగ తాత అంత ముసలివాడు, ఆ పిల్ల అప్పుడే పుట్టింది, తాత వెనకాల రావడమేమిటని. తాత అబద్ధం చెప్పాడని జిష్ణు అంటున్నాడు. నీళ్లు సరిపోయాయా, వానలు ఎప్పుడు పడ్డాయి, అది కూడా చెప్పమంటున్నాడు. మంచి ప్రశ్నలే. తాత అబద్ధమాడాడో లేదో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఒకరు ఔనంటే ఒకరు కాదనాలి, అప్పుడే తేలుతుంది. కొట్టుకోకూడదు.

నేను పెరట్లోకి వెళ్లాలి. పిండిన బట్టలు సగం ఇంకా బకెట్లోనే ఉన్నాయి, ఆరేసి వస్తాను.